వెనుక నుంచి వెలుగు తీసుకునే చిప్పులు, వాటికి పెట్టే పరీక్షలు

(విజయనగరంలో డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులు, సైన్సు ఉపాధ్యాయుల ఎదుట చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

కెమెరా కొన్నప్పుడు పెట్టెలో ఒక కాగితం కూడా వస్తుంది. క్వాంటమ్ సామర్థ్యం, అంటే పడిన వెలుగులో పట్టే భాగం, 90 శాతమని, రీడ్ నాయిస్, అంటే చదివేటప్పుడు కలిసే హెచ్చుతగ్గు, ఇన్ని ఎలక్ట్రాన్లని, ఒక్కో పిక్సెల్ ఇన్ని వేల ఎలక్ట్రాన్లు పట్టగలదని అందులో రాసి ఉంటుంది. ఆ కాగితం అబద్ధమని నేను అనను. కానీ అది ఆ రకం చిప్పులన్నిటి గురించి, అంటే కెమెరాలో వెలుగును పట్టే సెన్సర్లన్నిటి గురించి చెప్పే మాట. మీ చేతికి వచ్చిన ఆ ఒక్క చిప్పు సంగతి దానికి తెలియదు. అందుకే ఈ రోజు నేను గట్టిగా చెప్పదలచినది ఒకటే: చిప్పును ముందు మీరు స్వయంగా కొలవండి, ఆ తరువాతే దానితో నక్షత్రాన్ని కొలవండి. పలచబరిచి వెనుకవైపు నుంచి వెలుగు పడేలా చేసిన సెన్సర్ల విషయంలో ఇది మరీ అవసరం. ఏ మార్పు వల్ల వాటికి బలం వచ్చిందో, వాటి ఇబ్బందులూ ఆ మార్పు వల్లనే వచ్చాయి.

మన ఉత్తరాంధ్రకు ఈ పట్టింపు కొత్తది కాదు. పొరుగున విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే వేధశాల కట్టుకున్నారు. తరువాత దాన్ని నడిపిన అంకితం వెంకట నరసింగరావు, 1874 డిసెంబరులో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. ఆ పరిశీలనకు ప్రాణం రెండు బింబాల అంచులు తాకే క్షణం. గడియారం ఎంత ముందుకో వెనుకకో పోతున్నదో తెలియనివారు ఆ క్షణాన్ని ఎంత శ్రద్ధగా చూసినా లాభం లేదు. ఇవాళ గడియారంతో పాటు చిప్పు నడక కూడా తెలియాలి.

ఇక విషయంలోకి వస్తాను. బెల్ పరిశోధనశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ 1969లో సీసీడీ అనే, వెలుగును ఎలక్ట్రాన్లుగా పట్టే చిప్పును కనిపెట్టారు. 2009లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. సిలికాన్‌లో ఫోటాన్ అనే వెలుగు కణం శోషణమైతే ఒక ఎలక్ట్రాన్ విడుదలవుతుంది. అలా పోగైన ఎలక్ట్రాన్లను, గేట్లనే సన్నని పట్టీల మీద వోల్టేజీ మారుస్తూ ఒక పిక్సెల్ నుంచి పక్క పిక్సెల్‌కు జరుపుకుంటూ అంచు దాకా తెచ్చి లెక్కిస్తారు. చిక్కు ఏమిటంటే, ఈ గేట్లన్నీ చిప్పు ముఖం మీదనే పరచుకుని ఉంటాయి. ముందు నుంచి వెలుగు పంపితే, చలువపందిరి కింద నేలకు ఎండ తగిలినట్టే, వడగట్టుకుని దిగినది మాత్రమే సిలికాన్‌కు దక్కుతుంది.

ఎంత వడగడుతుందో అంకెల్లో చూడండి. 400 నానోమీటర్ల ఊదా వెలుగు సిలికాన్‌లోకి మైక్రాన్‌లో, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతులో, పదోవంతు నుంచి ఐదోవంతు లోతుకు వెళ్లేసరికే చాలావరకు శోషణమైపోతుంది. గేట్ల మందమే అంతకంటే ఎక్కువ. అంటే ఊదా, నీలం వెలుగులు చాలావరకు గేట్లలోనే ఖర్చయిపోతాయి. 650 నానోమీటర్ల ఎరుపు 3, 4 మైక్రాన్లు దిగుతుంది. 800 దగ్గర 10 మైక్రాన్ల పైమాట. 900 దగ్గర 30 మైక్రాన్ల దరిదాపు. 1100 దాటితే సిలికాన్‌కు ఆ వెలుగు కనిపించనే కనిపించదు. ఈ నాలుగు అంకెలను గుర్తుపెట్టుకోండి. తరువాత చెప్పబోయే చాలా పరీక్షలకు మూలం ఇందులోనే ఉంది.

గేట్లు అడ్డమైతే చిప్పును తిరగేసి వెనుక నుంచి వెలుగు పంపవచ్చు కదా అని మీకు తోస్తుంది. తోచాలి కూడా. కానీ మామూలు చిప్పు మందం కొన్ని వందల మైక్రాన్లు. వెనుక ముఖం దగ్గర పుట్టిన ఎలక్ట్రాన్ అంత దూరం నడిచి గేట్ల దాకా చేరదు. అందువల్ల వెనుకవైపు సిలికాన్‌ను అరగదీసి, ఆమ్లంతో కరిగించి, 10 నుంచి 20 మైక్రాన్ల పొర మాత్రం మిగులుస్తారు. ఉత్త సిలికాన్ తన మీద పడిన వెలుగులో మూడో వంతును తిప్పికొడుతుంది కనుక దాని మీద హాఫ్నియం ఆక్సైడ్ వంటి పూత పూస్తారు. ముందు నుంచి వెలుగు తీసుకునే చిప్పు నూటికి 40, 50 ఫోటాన్లు పట్టే చోట ఇది 90కి పైగా పడుతుంది. అదే టెలిస్కోపు, అదే రాత్రి, పట్టే వెలుగు మాత్రం దాదాపు రెట్టింపు. అద్దం పెంచి ఈ లాభం పొందాలంటే ఎన్ని కోట్లు ఖర్చవుతాయో ఊహించండి.

ఇప్పుడు ఇబ్బంది సంగతి. కరిగించిన వెనుక ముఖం మీద సహజంగానే పలచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. అందులో ధనావేశం చిక్కుకుని ఉంటుంది. ఎలక్ట్రాన్‌ది రుణావేశం కదా, వెనుక ముఖానికి దగ్గరలో పుట్టినది గేట్ల వైపు నడవకుండా అటే లాక్కోబడి అక్కడే అంతరించిపోతుంది. వెనుక ముఖానికి దగ్గరలో ఏ వెలుగు శోషణమవుతుంది? ఊదా, నీలం. అంటే ఏ వెలుగు కోసం ఇంత కష్టపడి చిప్పును పలచబరిచామో, ఆ వెలుగునే ఈ పొర దొంగిలిస్తుంది. వెనుక ముఖానికి రుణావేశం పట్టించి ఎలక్ట్రాన్లను లోపలికి నెట్టడమే దీనికి మందు. అతినీల కాంతితో తడపడం, పలచని లోహపు పూత వేయడం, బోరాన్ అయాన్లను చొప్పించి లేజరుతో కాల్చడం, ఇలా దారులు చాలా వచ్చాయి.

హబుల్ టెలిస్కోపు కథ ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేను. 1990లో దానితో పాటు వెళ్లిన మొదటి విశాలక్షేత్ర కెమెరాలో 800 అడ్డం 800 పిక్సెళ్ల పలచబరిచిన చిప్పులు ఎనిమిది ఉండేవి. వాటి సామర్థ్యం అంతకుముందు చూసిన వెలుగును బట్టి మారుతుండేది. కాసేపు ప్రకాశవంతమైన దృశ్యం చూస్తే తరువాతి చిత్రంలో ఆ చోటు ఎక్కువ చురుకుగా ఉండేది. దీన్ని సరిచేయడానికి సూర్యుని వెలుగునే ఒక గొట్టం ద్వారా లోపలికి మళ్లించి చిప్పులను అతినీల కాంతితో తడిపే ఏర్పాటు చేశారు. 1993లో దాని స్థానంలో పెట్టిన రెండో కెమెరాలో పలచబరిచిన చిప్పులనే వదిలేసి, ముందు నుంచి వెలుగు తీసుకునే మందపాటి చిప్పులు వాడారు. నీలంలో నష్టపోయినా సరే, నమ్మకం కావాలనుకున్నారు. ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. ఎప్పుడూ ఒకే రీతిలో కొలిచే 40 శాతం, రోజుకో రకంగా ఉండే 70 శాతం కంటే మేలు. 2009లో అమర్చిన మూడో విశాలక్షేత్ర కెమెరాలో మళ్లీ పలచబరిచిన చిప్పులు వాడారు. వాటిలోనూ ఈ జ్ఞాపకం జబ్బు కొద్దిగా ఉందని భూమి మీద పరీక్షల్లోనే బయటపడింది. అందుకని చిప్పును చల్లబరిచాక ముందుగా లోపలి దీపంతో గట్టిగా వెలుగు పట్టించి ఎలక్ట్రాన్లు చిక్కుకునే చోట్లను నింపేస్తారు, ఆ తరువాతే పని మొదలుపెడతారు. జబ్బు పూర్తిగా పోలేదు. కానీ ఎంత ఉందో, ఎలా అణచాలో ముందే తెలిసింది.

ఈ పరీక్ష చాలా సులువు. మసక వెలుగులో ఒక చిత్రం, పిక్సెళ్లు నిండిపోయేంత వెలుగులో ఒకటి, మళ్లీ మొదటి మసక వెలుగులోనే ఒకటి తీయండి. మొదటిదీ మూడోదీ ఒకటేనా? కాకపోతే మీ చిప్పుకు జ్ఞాపకం ఉంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష. కెమెరా మనకు ఎలక్ట్రాన్లను చూపించదు, ఏవో అంకెలను చూపిస్తుంది. ఒక్కో అంకె ఎన్ని ఎలక్ట్రాన్లకు సమానం? దీన్నే గెయిన్ అంటాం. చిప్పు లోపలికి వెళ్లి ఎలక్ట్రాన్లను లెక్కపెట్టే దారి లేదు. అయినా వెలుగే మనకు జవాబు చెబుతుంది, ఎందుకంటే ఫోటాన్లు వరుసగా సమాన వ్యవధిలో రావు, యాదృచ్ఛికంగా వస్తాయి. సగటున 10,000 ఎలక్ట్రాన్లు వచ్చే చోట ఒకసారి 9,900, మరోసారి 10,080 వస్తాయి. ఆ హెచ్చుతగ్గుల పరిమాణం సగటుకు వర్గమూలం, అంటే 100. ఇది కెమెరా లోపం కాదు, ప్రకృతి నియమం. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో జేమ్స్ జానెసిక్ ఈ నియమాన్నే కొలబద్దగా చేసి సెన్సర్లను పరీక్షించే పద్ధతిని స్థిరపరిచారు.

లెక్క వేసి చూద్దాం. మీ చిత్రంలో సగటు 5,000, హెచ్చుతగ్గు 50 వచ్చింది. 50కి వర్గం 2,500. సగటును దానితో భాగిస్తే 2. అంటే ఒక్కో అంకెకు 2 ఎలక్ట్రాన్లు. సగటు నిజానికి 10,000 ఎలక్ట్రాన్లు, దాని వర్గమూలం 100, అది మళ్లీ 50 అంకెలు. లెక్క సరిపోయింది. చీకట్లో కూర్చుని నాయిస్‌ను వర్గం చేస్తే ఎలక్ట్రాన్లు దొరికాయి. ఎన్నిసార్లు చేసినా ఇది నాకు అద్భుతంగానే ఉంటుంది.

అయితే ఒక్క చిత్రంతో చేస్తే దెబ్బతింటారు. పిక్సెళ్లన్నీ సమానంగా చురుకైనవి కావు, వాటి మధ్య ఒక శాతం తేడా సాధారణం. 5,000లో ఒక శాతం అంటే 50. అంటే ఫోటాన్ల హెచ్చుతగ్గు ఎంతో, పిక్సెళ్ల తేడా కూడా అంతే. రెండూ కలిసి వర్గం 2,500 బదులు 5,000 అవుతుంది, గెయిన్ 2 బదులు 1 వస్తుంది. సగానికి సగం తప్పు. అందువల్ల ఒకే వెలుగులో రెండు చిత్రాలు తీసి, ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేయండి. పిక్సెళ్ల తేడా రెండింటిలోనూ ఒకటే కనుక రద్దయిపోతుంది. మిగిలిన హెచ్చుతగ్గు వర్గాన్ని సగం చేయండి. చీకటిలో, సున్నా సమయంలో తీసిన రెండు చిత్రాలతో ఇదే పని చేస్తే రీడ్ నాయిస్ వస్తుంది. ఎన్ని పిక్సెళ్లు తీసుకోవాలి? 100 అడ్డం 100 ముక్క తీసుకుంటే ఫలితంలో 1.4 శాతం అనిశ్చితి ఉంటుంది. అది వెయ్యిలో ఒక వంతుకు దిగాలంటే 20 లక్షల పిక్సెళ్లు కావాలి.

వెలుగు పెంచుతూ పోయి, సగటును అడ్డంగా, హెచ్చుతగ్గు వర్గాన్ని నిలువుగా గీస్తే సరళరేఖ రావాలి. పైకి పోయేకొద్దీ ఆ రేఖ కొద్దిగా కిందికి వంగుతుంది. చాలాకాలం దీన్ని కొలతలోని చిన్న లోపంగా భావించి వదిలేశారు. అసలు సంగతి వేరు. పిక్సెల్‌లో ఎలక్ట్రాన్లు నిండేకొద్దీ కొత్తగా వచ్చేవాటిని అవి వికర్షిస్తాయి, ఆ కొత్తవి పక్క పిక్సెల్‌లోకి తప్పుకుంటాయి. దాంతో ప్రకాశవంతమైన నక్షత్రం మసక నక్షత్రం కంటే కాస్త లావుగా కనిపిస్తుంది. గెలాక్సీల ఆకారాన్ని అతి సూక్ష్మంగా కొలిచి కృష్ణపదార్థాన్ని అంచనా వేసేవారికి ఇది ప్రాణసంకటం. కాబట్టి గెయిన్‌ను రేఖ కింది భాగం నుంచే తీయండి, వంపును విడిగా కొలిచి దాచుకోండి. చిలీలో ఏర్పాటైన వెరా రూబిన్ వేధశాల కెమెరాలో 189 చిప్పులున్నాయి. ఒక్కో చిప్పుకు 16 నిర్గమ ద్వారాలు, ఒక్కోదానికి సొంత గెయిన్. మొత్తం 3,024. అన్నింటినీ కొలిచారు. మన దేశంలో లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల చంద్ర టెలిస్కోపు కెమెరాకు గెయిన్ 1.22, రీడ్ నాయిస్ 4.87 ఎలక్ట్రాన్లు అని పరిశోధన పత్రాల్లో కనిపిస్తుంది. అలాంటి రెండు అంకెల వెనుక ఎవరో ఒకరు చీకట్లో కూర్చుని ఈ పనే చేసి ఉంటారు.

గెయిన్ తెలిశాకే క్వాంటమ్ సామర్థ్యం కొలవాలి, ముందు కాదు. దీపం నుంచి ఒక్కో తరంగదైర్ఘ్యాన్ని విడదీసి, లోపల తెల్లని పూత పూసిన బోలు గోళంలోకి పంపితే వెలుగు సమంగా పరచుకుంటుంది. ముందే ప్రమాణీకరించిన ఫోటోడయోడ్ అనే వెలుగు కొలిచే పరికరం ఎంత పడిందో చెబుతుంది, చిప్పు ఎంత పట్టిందో మనం లెక్కిస్తాం. ఎవరైనా 105 శాతం వచ్చిందని చెబితే ముందు వారి గెయిన్ చూడండి. అది 5 శాతం తప్పితే ఇదీ 5 శాతం తప్పుతుంది. పలచబరిచిన చిప్పులో మీ కన్ను 350, 400 నానోమీటర్ల దగ్గర ఉండాలి. వెనుక ముఖం ఆరోగ్యం అక్కడే తెలుస్తుంది. కొన్ని వారాల తరువాత మళ్లీ కొలిచినప్పుడు అతినీలంలోనే ముందుగా పడిపోతే, చల్లని చిప్పు మీద ఆవిరో నూనెపొరో పేరుకుంటున్నదేమో చూడాలి.

ఇనుము 55 అనే రేడియోధార్మిక మూలంతో చేసే పరీక్ష గురించి క్లుప్తంగా చెబుతాను. దాని ఎక్స్ కిరణం శక్తి 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. అది సిలికాన్‌లో శోషణమైతే దాదాపు 1,620 ఎలక్ట్రాన్లు పుడతాయి. మన గెయిన్ సరైనదో కాదో తేల్చే స్వతంత్ర సాక్షి అది. ఎలక్ట్రాన్లను జరిపేటప్పుడు దారిలో ఎన్ని రాలిపోతున్నాయో కూడా చెబుతుంది. ఒక్కో జరుపులో లక్షకు ఒకటి జారిపోయినా 2,048 జరుపుల తరువాత 2 శాతం పోతుంది. ఇది అనుమతి, శిక్షణ ఉన్నవారు చేయవలసిన పరీక్ష, కళాశాల బల్ల మీద చేసేది కాదు. పలచబరిచిన చిప్పులో ఇది ఇంకో రహస్యం బయటపెడుతుంది. వెనుక ముఖం దగ్గర విద్యుత్ క్షేత్రం బలహీనంగా ఉంటే, అక్కడ పుట్టిన ఎలక్ట్రాన్లు గేట్లను చేరేలోపు పక్కలకు చెదిరిపోతాయి. ఒక పిక్సెల్‌లో పడవలసిన 1,620 నాలుగు పిక్సెళ్లలో పంచుకుంటాయి. దాని ఫలితం ఏమిటో ఆలోచించండి. నీలం వెలుగు వెనుక ముఖం దగ్గరే శోషణమవుతుంది కనుక, అలాంటి చిప్పులో ఎరుపు చిత్రం కంటే నీలి చిత్రమే ఎక్కువ మసకబారుతుంది. లెన్సును ఎంత సరిచేసినా అది పోదు.

ఎరుపు వైపు ఇంకో తిప్పలు. 15 మైక్రాన్ల పొరలో 900 నానోమీటర్ల వెలుగు పూర్తిగా శోషణం కాదు. రెండు ముఖాల మధ్య అటూ ఇటూ పరావర్తనం చెంది తనతో తానే వ్యతికరణం చెందుతుంది. చిత్రమంతా చారలు పడతాయి. సిలికాన్ వక్రీభవన గుణకం 3.6 అనుకుంటే, 900ను 7.2తో భాగించండి, 125 నానోమీటర్లు. పొర మందం అంత మారినప్పుడల్లా ఒక చార. ఆకాశపు చిత్రాన్ని పాడుచేసే ఈ చారలే పరీక్షశాలలో పలచబరచడం ఎంత సమంగా జరిగిందో చూపించే పటం. డార్క్ ఎనర్జీ కెమెరా వంటి వాటిలో దీన్ని తప్పించడానికే 250 మైక్రాన్ల మందపాటి చిప్పులు వాడారు. వాటికీ వెలుగు వెనుక నుంచే వస్తుంది, కానీ మందమంతా బలమైన విద్యుత్ క్షేత్రం నింపుతారు.

ఇక్కడ, విజయనగరంలో, ఇవి చేయగలమా? గెయిన్, రీడ్ నాయిస్, జ్ఞాపకం పరీక్షలు తప్పకుండా చేయగలరు. అన్నిటికంటే ముందు ఎదురయ్యేది మన గాలిలో తేమ. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ 25 డిగ్రీల దగ్గరే ఆవిరి నీరవుతుంది. చల్లబరిచే ఖగోళ కెమెరాను సున్నాకు దించితే కిటికీ అద్దం మీద మంచు కమ్ముతుంది, మీరు దాన్ని చిప్పు లోపమనుకుంటారు. తేమ పీల్చే గుళికలను మార్చండి, నెమ్మదిగా చల్లబరచండి, ప్రతి చిత్రం పక్కన గదిలోని తేమను రాసుకోండి. డార్క్ కరెంట్, అంటే వెలుగు లేకున్నా వేడికే పుట్టే ఎలక్ట్రాన్లు, సుమారు ప్రతి 6, 7 డిగ్రీలకు రెట్టింపవుతుంది కనుక ఉష్ణోగ్రత రాయని చీకటి చిత్రం పనికిరాదు. రెండోది వెలుగు. కరెంటు మీద నడిచే దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, వోల్టేజీ మారితే ప్రకాశమూ మారుతుంది. బ్యాటరీ మీద నడిచే ఎల్ఈడీ వాడండి.

కెమెరా లేదని ఆగవద్దు. వెనుక నుంచి వెలుగు తీసుకునే సీమాస్ సెన్సర్లను, అంటే సీసీడీ కాని మరో రకం చిప్పులను, సోనీ 2009లో భారీగా తయారుచేయడం మొదలుపెట్టింది. నేటి ఫోన్లలో ఎక్కువగా ఉన్నవి ఆ రకమే. ముడి చిత్రాన్ని భద్రపరిచే సౌకర్యం ఉన్న ఫోను తీసుకోండి. లెన్సు మీద తెల్లకాగితం రెండు మడతలు వేసి కదలకుండా అమర్చండి. ఐఎస్ఓను ఒకే చోట ఉంచి, తెరిచి ఉంచే సమయాన్ని మార్చుతూ ప్రతి మెట్టులో రెండేసి చిత్రాలు తీయండి. మధ్య భాగంలోని ముక్కను మాత్రమే, అందులోనూ ఆకుపచ్చ పిక్సెళ్లను మాత్రమే తీసుకోండి. చీకటి స్థాయిని తీసివేయడం మరవకండి. గ్రాఫు గీయండి. కింది భాగం సరళరేఖగా వస్తే మీకు గెయిన్ దొరికినట్టే. మొదటి నుంచే వంకరగా ఉంటే, లేదా పక్కపక్క పిక్సెళ్ల హెచ్చుతగ్గులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే, ఫోను లోపల ఎవరో మీకంటే ముందే నాయిస్‌ను తుడిచేస్తున్నారని అర్థం. అప్పుడు ఆ ఫోనును వదిలేసి వేరేది చూసుకోవాలి.

పరీక్షకు కావలసిన సరంజామా ఆ చివరి బల్ల మీద పెట్టించాను. ప్రశ్నలు అక్కడే అడగండి, మీ ఫోన్లతోనే మొదటి గ్రాఫు గీద్దాం. కిటికీ తలుపులు మాత్రం ముందు ఎవరైనా వేయండి, ఎండ ఇంకా నేరుగా బల్ల మీదికే వస్తోంది.